నన్నడిగారు, మా నాన్ననడగలేదు

రాష్ట్ర విభజన మీద మన కోస్తావాళ్లు రాసే జ్ఞాపకాలన్నీ తిరిగి తిరిగి ఒక మాట దగ్గరికే వస్తాయి: ‘మమ్మల్నెవరూ అడగలేదు’. కొన్నాళ్లు నేనూ అదే అన్నాను. ఇప్పుడు అనలేను.

2014లో ప్రాజెక్టు పని మీద గ్లాస్గోలో ఉన్నాను. సెప్టెంబర్ 18న స్కాట్లండ్ విడిపోవాలా వద్దా అని ఓటింగు. నాకూ ఓటొచ్చింది. కామన్వెల్త్ దేశాలవాళ్లు అక్కడ చట్టబద్ధంగా ఉంటుంటే చాలు. పదహారేళ్ల పిల్లలకీ ఉంది. లండన్‌లో స్థిరపడ్డ స్కాట్లకి మాత్రం లేదు. అంటే దివిసీమలో, కోడూరులో పుట్టి వీసా మీద బతుకుతున్న నాకున్న హక్కు, గ్లాస్గోలోనే పుట్టి లండన్ వెళ్లిపోయినవాడికి లేదు.

నేను ‘వద్దు’ అని వేశాను. ఆదర్శం ఏమీ లేదు, పౌండు పడిపోతుందని, వీసా ఏమవుతుందోనని భయం. ‘వద్దు’ 55 శాతంతో గెలిచింది. గ్లాస్గో మాత్రం ‘కావాలి’ అంది. మర్నాడు మా టీములో కుర్రాడొకడు కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చాడు. నన్నొక్క మాట అనలేదు. ‘మీ రాష్ట్రమూ విడిపోయింది కదా, నువ్వెటు వేశావ్?’ అని మాత్రం అడిగాడు. అసలు ఓటింగే జరగలేదంటే నమ్మలేదు.

జరిగింది ఏమిటి? జనవరి 30న అసెంబ్లీ బిల్లును మూజువాణి ఓటుతో తిప్పి పంపింది. ఆర్టికల్ 3 ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాలని లేదు. ఫిబ్రవరి 13న లోక్‌సభలో విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. 18న టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా, అదే మూజువాణితో బిల్లు పాసయింది.

సరే, ఓటింగు పెట్టాల్సిందే అనుకుందాం. ఎవరికి? స్కాట్లండ్ లెక్కన అయితే విడిపోతామన్న చోట ఉంటున్నవాళ్లకే. ఇంగ్లండ్‌ని ఎవరూ అడగలేదు. అప్పుడు కూకట్‌పల్లిలో ఉండే కోడూరువాళ్లకి ఓటుంటుంది, కోడూరులో ఉన్న మా నాన్నకి ఉండదు. మనవాళ్ల వ్యాసాలు కోరేది ఇది కాదు. రాష్ట్రం మొత్తాన్నీ అడగమంటాయి. 294 సీట్లలో 175 మనవైపే ఉన్నప్పుడు, అది ఓటు అడగడం కాదు, అడ్డం పడే హక్కు అడగడం.

హైదరాబాదు ఎడిన్‌బరో కాదు, అప్పట్లో ఉమ్మడి రాజధాని. నిజమే. నీళ్లు, ఆస్తులు, ఉద్యోగాలు ఎలా పంచుకోవాలో మనం గట్టిగా మాట్లాడాల్సిందే. లెక్క తేల్చమనడం వేరు, వెళ్లనివ్వననడం వేరు. మనకి నిజంగా జరిగిన అన్యాయం అడగకపోవడం కాదు, కళ్లముందు చెయ్యకపోవడం. ఆ అన్యాయం కోడూరుకెంత జరిగిందో సిద్దిపేటకీ అంతే జరిగింది. వాళ్లు గెలిచిన ఘడియని వాళ్లూ చూడలేదు.

2013లో నాన్న సమైక్యాంధ్ర టెంట్లో కూర్చున్నవాడే. గ్లాస్గో ఓటు సంగతి ఫోన్లో చెబితే, ‘పరాయి దేశంవాళ్లు నిన్నడిగారు, మనదేశంలో నన్నడగలేదురా’ అన్నాడు.

‘తెలంగాణలో ఉండేవాళ్లని మాత్రమే అడిగితే ఊరుకునేవాడివా నాన్నా?’ అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. ‘ఊరుకునేవాణ్ణి కాదు. కానీ టీవీ ఆపకపోతే, ఓడిపోయామని ఒప్పుకునేవాణ్ణి’ అన్నాడు.

మన వ్యాసాల్లో ఇంత నిజాయితీ నాకింకా కనబడలేదు.