‘ఉచిత’ విమానం ఎక్కేముందు ఒక్కసారి లెక్కేసుకోండి

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిస్తే చాలు, పది అడుగుల్లో మీ చేతిలో నాలుగు పాంప్లెట్లు పడతాయి. జావా, పైథాన్, డేటా సైన్స్, బ్యాంక్ పీఓ. ఐదో మనిషి కాగితం ఇవ్వడు, మాట కలుపుతాడు. ‘‘సార్, లైఫ్‌టైమ్ ఫ్రీ కార్డు. ఖర్చు పెట్టిన ప్రతిసారీ పాయింట్లు. విమానం టికెట్ ఫ్రీ, ఎయిర్‌పోర్ట్ లాంజ్ ఫ్రీ, హోటల్ గది మీద డిస్కౌంట్.’’ ఒక్క స్టేషన్ అవతల పంజాగుట్టలో దిగినా ఇదే మాట వినిపిస్తుంది.

వచ్చే నెల బెంగళూరులో ఒక ఇంటర్వ్యూ, ఆ తర్వాత పుణెలో ఇంకొకటి ఉన్నవాళ్లకి ఈ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. నాకూ అలాగే ఉండింది. మొదటి జీతం వచ్చిన నెలలోనే మైళ్ల కోసమని ఒక కార్డు తీసుకున్నాను. ఏడాదిన్నర తర్వాత చూసుకుంటే, కూడిన పాయింట్లు బెంగళూరు టికెట్‌కి కూడా చాలవు. ఇంకో రెండు నెలలకి గడువు తీరి అవీ పోయాయి. ఆలోపు రెండుసార్లు బిల్లు తేదీ మర్చిపోయాను. కట్టిన లేటు ఫీజూ వడ్డీ కలిపితే ఆ టికెట్ హాయిగా కొనుక్కోవచ్చు.

అలాగని మైళ్లు, డిస్కౌంట్లు అన్నీ మోసమని నేననను. ఎలాగూ పెట్టాల్సిన ఖర్చు మీద అవి వస్తే లాభమే. వాటి కోసమే ఖర్చు పెడితే నష్టం. ఇంకా ఉద్యోగం రాని దశలో ఉన్నవాళ్లకి ఆ నష్టం జేబుతో ఆగదు, ఆఫర్ లెటర్ దాకా వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

పాయింట్‌ని పైసల్లో చూడండి

‘10,000 పాయింట్లు బోనస్’ అనగానే మన మనసు 10,000 రూపాయలని చదువుకుంటుంది. ఆ అంకె అంత పెద్దగా ఉండేది అందుకే. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఒక పాయింట్‌కి ఎన్ని పైసలు?

లెక్క తేలికే. ఒక టికెట్ మామూలు ధర 5,000 రూపాయలు అనుకుందాం. అదే టికెట్‌ని పాయింట్లతో తీసుకుంటే 8,000 పాయింట్లు, పైన పన్నుల కింద 900 రూపాయలు అడుగుతున్నారు. అంటే 8,000 పాయింట్లకి మీకు మిగిలింది 4,100. పాయింట్‌కి 51 పైసలు. అవే 8,000 పాయింట్లకి షాపింగ్ వోచర్ 2,000 రూపాయలదే వస్తుందనుకోండి, పాయింట్ విలువ 25 పైసలకి పడిపోయినట్టే. పాయింట్లు అవే, వాడిన చోటుని బట్టి విలువ సగమైంది. కాబట్టి పాయింట్లు ఉన్నవాళ్లు మిక్సీలకీ వోచర్లకీ మార్చేముందు టికెట్ లెక్క ఒకసారి చూసుకోవాలి. టికెట్ అయినా సరే, ధర తక్కువున్న రోజున డబ్బు కట్టేసి, ధర మండిపోయే పండగ రోజుల్లో పాయింట్లు వాడితే విలువ పెరుగుతుంది.

కోచింగ్ ఫీజు కార్డు మీద కడితే?

ఇప్పుడు మనకి దగ్గరి ఉదాహరణ. కోచింగ్ ఫీజు 15,000. కార్డు మీద గీకితే పాయింట్లు వస్తాయని ఎవరో చెప్పారు. 150 రూపాయలకి 2 పాయింట్లు, పాయింట్‌కి 25 పైసలు అనుకుంటే, మొత్తం 15,000 మీద వచ్చేవి 200 పాయింట్లు. అంటే అక్షరాలా 50 రూపాయలు.

బిల్లు వచ్చింది. చేతిలో అంత లేదు. ‘మినిమమ్ డ్యూ 750 కడితే చాలు’ అని రాసుంది కదా అని అంతే కట్టారు. మిగిలిన 14,250 మీద నెలకి 3.5 శాతం వడ్డీ అంటే సుమారు 500. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం దాదాపు 590 రూపాయలు, అదీ ఒక్క నెలకి. పైగా వడ్డీని బిల్లు తేదీ నుంచి కాదు, మీరు కొన్న తేదీ నుంచే లెక్కేస్తారు. బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. నెలకి మూడున్నర అంటే ఏడాదికి 42 శాతం. మీ ఊళ్లో వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అంటాం. ఇక్కడ మూడున్నర. వచ్చింది 50, పోయింది 590.

లాంజ్ సంగతీ అంతే. మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లాంజ్ అని చాలా కార్డులు ఇప్పుడు షరతు పెట్టేశాయి. ఆ పరిమితి అందుకోవడానికి అక్కర్లేనివి కొంటే, అక్కడ తిన్న ఇడ్లీ ఊళ్లోకెల్లా ఖరీదైన ఇడ్లీ అవుతుంది.

సిబిల్ చూసే ఉద్యోగాలున్నాయి, జాగ్రత్త

అమీర్‌పేట, పంజాగుట్ట కోచింగ్ సెంటర్లలో బ్యాంకు పరీక్షలకి కూర్చునేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. స్టేట్ బ్యాంక్ నోటిఫికేషన్ కింద చిన్న అక్షరాల్లో ఒక నిబంధన ఉంటుంది. రుణాలు, క్రెడిట్ కార్డు బకాయిలు ఎగ్గొట్టిన రికార్డు ఉన్నవాళ్లు, సిబిల్ లాంటి సంస్థల నివేదిక ప్రతికూలంగా ఉన్నవాళ్లు నియామకానికి అనర్హులు. ఐబీపీఎస్ ఇటీవలి నోటిఫికేషన్లలోనూ ఉద్యోగంలో చేరే నాటికి క్రెడిట్ చరిత్ర సరిగ్గా ఉండాలనే షరతు చేరింది. ఈ కారణంతో స్టేట్ బ్యాంక్ ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేస్తే, 2025లో మద్రాసు హైకోర్టు బ్యాంకు నిర్ణయాన్నే సమర్థించింది. ఆ అభ్యర్థి పరీక్ష పాసై, నియామకం దాకా వచ్చినవారే.

ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ దాటాక, ఎప్పుడో మైళ్ల కోసం తీసుకుని వదిలేసిన కార్డు బాకీ అడ్డం పడితే ఎలా ఉంటుందో ఊహించండి. ఏ మైలూ దానికి సరితూగదు.

ఇప్పటికే కార్డు ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. మూడు పనులు చేయండి. ఒకటి, బిల్లు మొత్తం ఆటోమేటిక్‌గా ఖాతాలోంచి కట్ అయ్యేలా పెట్టుకోండి, మినిమమ్ మాత్రం కాదు. తేదీ దాటినా మూడు రోజుల్లోపు కట్టేస్తే లేటు ఫీజు వేయకూడదు, క్రెడిట్ సంస్థలకి ఆలస్యమని తెలపకూడదు అన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. రెండు, సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. తెప్పించుకుని చదవండి. తప్పు కనబడితే ఇప్పుడే ఫిర్యాదు చేయండి, ఆఫర్ లెటర్ వచ్చాక కాదు. మూడు, వాడని కార్డు బాకీ తీర్చేసి, మూసేయమని రాతపూర్వకంగా అడగండి. బాకీ లేకపోతే 7 పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకి 500 రూపాయల చొప్పున మీకే చెల్లించాలి.

కార్డు లేకుండానే దొరికేవి

మైళ్లు కావాలంటే కార్డే అక్కర్లేదు. ఎయిర్ ఇండియా మహారాజా క్లబ్, ఇండిగో బ్లూచిప్ రెండింటిలోనూ సభ్యత్వం ఉచితం. ఆధార్‌లో ఉన్న పేరుతోనే నమోదు చేసుకోండి, అక్షరం తేడా ఉంటే పాయింట్లు చేరకపోవచ్చు. రెండింటిలోనూ ఇప్పుడు పాయింట్లు వచ్చేది ఎగిరిన దూరాన్ని బట్టి కాదు, టికెట్‌కి పెట్టిన డబ్బుని బట్టి. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. టికెట్ డబ్బు ఎవరు కట్టినా మైళ్లు ప్రయాణించినవాళ్లవే. కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచి టికెట్ పంపిందా? వెబ్ చెక్ఇన్ చేసేటప్పుడు మీ సభ్యత్వ నంబర్ వేయండి. ఇవి నిజంగా ఉచితమైన మైళ్లు.

ఇంకా చదువుతున్నవాళ్లకి ఈ రెండు సంస్థల్లోనూ స్టూడెంట్ ఛార్జీ ఉంది. టికెట్ ధర మీద కొంత తగ్గింపు, మామూలు 15 కిలోల మీద ఇంకో 10 కిలోల లగేజీ. ఉద్యోగంలో చేరడానికి పరుపూ పుస్తకాలూ మూటగట్టుకుని వెళ్లేవాళ్లకి అసలు లాభం ఆ 10 కిలోలే. అయితే చెల్లుబాటయ్యే కాలేజీ ఐడీ చూపించాలి. గడువు తీరిన ఐడీతో బుక్ చేస్తే కౌంటర్ దగ్గర తేడా డబ్బు కట్టాల్సి రావచ్చు.

టికెట్ రద్దు చేసుకున్నా, విమానం అందుకోలేకపోయినా పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కి ఇచ్చి తీరాలి. బేస్ ఫేర్ తిరిగి రాని ఆఫర్ టికెట్‌కి కూడా డీజీసీఏ నిబంధన ఇదే. ‘నాన్ రిఫండబుల్’ అన్న మాట చూసి చాలామంది అడగడమే మానేస్తారు. అడగండి.

ప్రభుత్వ పరీక్షలకి వెళ్లేవాళ్లు కాల్ లెటర్ చివరిదాకా చదవండి. ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి మొదటిసారి వెళ్లేవాళ్లకి ఏసీ త్రీటయర్ రైలు ఛార్జీ ఇస్తారు. చాలా ప్రభుత్వ రంగ సంస్థలు కూడా ఇంటర్వ్యూకి రానూపోనూ ఛార్జీ ఇస్తాయి. దానికి టికెట్ కాపీ కావాలి. ఒక్క టికెట్ ముక్క దాచుకుంటే వచ్చే డబ్బు, ఏడాది పొడుగునా పోగేసే పాయింట్ల కన్నా ఎక్కువే ఉంటుంది.

టికెట్ ధరే ఖర్చు కాదు

2008 మార్చి దాకా మన విమానాశ్రయం బేగంపేటలోనే ఉండేది. అమీర్‌పేట హాస్టల్ నుంచి ఆటోలో వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు శంషాబాద్ దాదాపు 30 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఐదు గంటల విమానం 700 రూపాయలు చవకని బుక్ చేస్తే, రాత్రి రెండున్నరకి క్యాబ్ ఎక్కాలి. మిగిలిన 700 క్యాబ్‌వాడికే పోతాయి, పైగా నిద్ర లేని కళ్లతో ఇంటర్వ్యూలో కూర్చుంటారు. కాచిగూడలో రాత్రి రైలెక్కి పొద్దున్నే బెంగళూరులో దిగితే ఒక రాత్రి గది అద్దె కూడా మిగులుతుంది. ఎప్పుడూ హాస్టల్ గుమ్మం నుంచి ఇంటర్వ్యూ గుమ్మం దాకా లెక్కేయండి.

హోటల్ గదికీ ఇదే సూత్రం. ‘60 శాతం తగ్గింపు’ అన్నప్పుడు దేని మీద తగ్గింపో చూడండి. కొట్టేసిన పాత ధరని వదిలేసి, పన్నులూ ఫీజులూ కలిపి చివరి పేజీలో కనబడే అంకె ఒక్కటే చూడండి. తర్వాత ఆ హోటల్‌కే ఫోన్ చేసి, ‘‘ఇంటర్వ్యూకి వస్తున్నానండీ, నేరుగా బుక్ చేసుకుంటే ఎంత?’’ అని అడగండి. యాప్‌కి ఇచ్చే కమీషన్ మిగులుతుంది కాబట్టి చాలాచోట్ల ఎంతో కొంత తగ్గిస్తారు. పెద్ద హోటల్ గ్రూపులు కూడా పాయింట్లు సాధారణంగా నేరుగా బుక్ చేసినవాళ్లకే ఇస్తాయి.

ఇంకో మాట. రద్దు చేసుకోలేని గది 1,400, రద్దు చేసుకోగలది 1,650 ఉంటే రెండోదే తీసుకోండి. హెచ్‌ఆర్ ఒక్క మెయిల్‌తో తేదీ మార్చేస్తారు. ఆ 250 తేడా మీ ఇంటర్వ్యూకి బీమా లాంటిది.

మైళ్లని దాచుకోకండి

పాయింట్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు. వాటికి వడ్డీ రాదు, విలువ తగ్గించే హక్కు మాత్రం వాళ్లకుంటుంది. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. మైళ్లు దాచుకున్నవాళ్లు ఏ విమానంలో ఎక్కాలని దాచుకున్నారో ఆ విమానమే లేకుండా పోయింది. విస్తారా 2024 నవంబర్‌లో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. సభ్యుల పాయింట్లు అటు మారాయి కానీ, అప్పట్నుంచి నియమాలన్నీ కొత్త ఇంటివే. కాబట్టి టికెట్‌కి సరిపడా కూడగానే వాడేయండి. గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

ఉద్యోగం వచ్చి, జీతం క్రమంగా పడుతూ, ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టగలనన్న నమ్మకం వచ్చాక మంచి కార్డు తీసుకోండి. నేనూ ఇప్పుడు ఒకటి వాడుతున్నాను. ఎలాగూ పెట్టే ఖర్చే దాని మీద పెడతాను. అంతకుముందే క్రెడిట్ చరిత్ర మొదలుపెట్టాలనుకుంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే చిన్న పరిమితి కార్డు చాలు.

రేపు మైత్రీవనం దగ్గర ఆ కుర్రాడు మళ్లీ ఆపుతాడు. అతని మీద విసుక్కోకండి, అతనికీ టార్గెట్లుంటాయి. రెండు ప్రశ్నలు మాత్రం అడగండి. ‘‘తమ్ముడూ, పాయింట్‌కి ఎన్ని పైసలు? వడ్డీ నెలకి ఎంత?’’ రెండింటికీ జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి, ఓటీపీ చెప్పకండి.