ఆట కట్టించాలంటే స్క్రూడ్రైవర్ పట్టాలి

ఆర్‌సీ కారు తిన్నగా పోకపోతే మన సీఎస్‌ఈ వాళ్లం చేసే మొదటి పని లాప్‌టాప్ తెరవడం. మెకానికల్ వాళ్లయితే కారును తిరగేస్తారు. ఈ ఒక్క విషయంలో వాళ్లదే కరెక్ట్ అని నా అభిప్రాయం. సొంత బ్రాంచి పరువు తీస్తున్నానని తిట్టుకోకుండా చివరిదాకా చదవండి.

ముందు సమస్య ఏంటో చెప్తాను. రిమోట్‌లో స్టీరింగ్ సరిగ్గా మధ్యలోనే ఉంటుంది. కారు మాత్రం ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి లాగుతుంది. ముందు చక్రాన్ని వేళ్లతో పట్టుకుని కదిపితే టకటకమంటుంది. మెకానిక్‌లు దీన్ని ‘ప్లే’ అంటారు. మన ఇళ్లల్లో ‘చక్రం ఆడుతోంది’ అంటారు. పుస్తకాల్లో పేరు బ్యాక్‌లాష్. బ్యాక్‌లాగ్ కాదు, కానీ రెండూ కొంచెం కొంచెంగా పేరుకుని ఒక్కసారే బయటపడతాయి.

పేరుకోవడం అని ఎందుకన్నానంటే, రిమోట్‌లో మనం తిప్పింది చక్రం దాకా చేరడానికి చాలా చేతులు మారాలి. సర్వోలోని పళ్లచక్రాలు, దాని షాఫ్ట్‌కి బిగించిన హార్న్, గుద్దుకున్నప్పుడు దెబ్బ సర్వోకి తగలకుండా కాపాడే స్ప్రింగు (దీన్నే సర్వో సేవర్ అంటారు), అక్కణ్ణుంచి బెల్‌క్రాంక్, అటూ ఇటూ టై రాడ్‌లు, వాటి చివర బాల్ జాయింట్లు, నకిల్, బేరింగ్, చివరికి చక్రం. ఒక్కో జాయింట్‌లో వెంట్రుకంత ఖాళీ ఉన్నా అన్నీ కలిసి చక్రం దగ్గరికొచ్చేసరికి కంటికి కనిపించేంత ఊగుడు అవుతుంది.

ఇప్పుడు మన వాళ్లు చెప్పే మందులు చూద్దాం. మొదటిది ట్రిమ్. సర్వోకి మనం పంపేది ఒక పల్స్. సాధారణంగా 1.5 మిల్లీసెకన్లు అంటే మధ్య, 1 అంటే ఒక చివర, 2 అంటే ఇంకో చివర. కారు ఎడమకి లాగుతుంటే ఆ 1.5ని కొంచెం జరుపుతాం. కానీ ఆడుతున్న స్టీరింగ్‌కి మధ్య ఒకటి కాదు, రెండు. ఎడమ మలుపు నుంచి తిరిగొస్తే ఒకచోట ఆగుతుంది, కుడి నుంచి వస్తే ఇంకోచోట ఆగుతుంది. ఒక నంబర్ మార్చి రెండు తప్పులు ఎలా సరిచేస్తాం?

రెండో మందు పీఐడీ. లైన్ చూసి నడిచే కార్లకి ఇది పెడతాం. స్టీరింగ్‌లో ఖాళీ ఉంటే ఏమవుతుందంటే, కోడ్ కొంచెం తిప్పమంటుంది, ఆ కొంచెం ఖాళీలోనే మాయమవుతుంది. ఇంకొంచెం తిప్పమంటుంది, ఈసారి చక్రం ఒక్కసారిగా తిరుగుతుంది. ఎక్కువైందని వెనక్కి లాగితే మళ్లీ అదే కథ. కారు పాములా మెలికలు తిరుగుతుంది. గెయిన్ తగ్గిస్తే మెలికలు తగ్గుతాయి నిజమే, కానీ మలుపు వచ్చాక తీరిగ్గా తిరుగుతుంది.

అసలు సంగతి ఇంకోటి ఉంది. సర్వో తాను ఎక్కడుందో తెలుసుకునేది లోపలి పొటెన్షియోమీటర్ ద్వారా. అది చూసేది సర్వో షాఫ్ట్‌ని మాత్రమే. షాఫ్ట్ చెప్పిన చోటికి వచ్చిందంటే సర్వో దృష్టిలో పని పూర్తయింది. ఆ తర్వాత రాడ్ కదిలిందో లేదో, చక్రం తిరిగిందో లేదో దానికి అనవసరం. కనిపించని తప్పును కోడ్ దిద్దలేదు.

‘సీఎన్‌సీ మెషీన్లలో బ్యాక్‌లాష్‌ని సాఫ్ట్‌వేర్‌తోనే సరిచేస్తారు కదా’ అని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్నే. అక్కడ ఖాళీ ఎంతో ముందే కొలిచి పెట్టుకుంటారు, దిశ మారినప్పుడల్లా అంత అదనంగా కదుపుతారు. మన కారు చక్రాన్ని మాత్రం గతుకు ఒకవైపు నెడుతుంది, గులకరాయి ఇంకోవైపు నెడుతుంది. ఆ ఖాళీలో చక్రం ఏ క్షణాన ఏ అంచున ఉందో ఎవరు చెప్తారు?

మూడో మందు అన్నిటికంటే ఖరీదైనది: ‘కొత్త సర్వో కొనెయ్.’ నాకు కోపం వచ్చేది ఇక్కడే. పోయిన సెమిస్టర్‌లో ఒక జూనియర్ టీమ్‌కి ఈ సలహానే ఇచ్చారు. అందరూ మెస్ ఖర్చుల్లో మిగుల్చుకుని చందాలేసుకుని మెటల్ గేర్ సర్వో కొన్నారు. ‘సర్వో మార్చినా అలాగే ఆడుతోంది అన్నా’ అని ఆ అమ్మాయి అడిగితే ‘బిగించడం రాలేదేమో’ అన్నారు. తీరా చూస్తే టై రాడ్ చివర బాల్ కప్ అరిగి వదులైంది, అంతే. ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క మారిస్తే పోయేది. కానీ ఈలోగా డబ్బులు తన వల్లే దండగయ్యాయని ఆ అమ్మాయి మీటింగ్‌లకి రావడం మానేసింది. మనం పోగొట్టుకున్నది సర్వో డబ్బులు మాత్రమే కాదు.

మరి ఏం చేయాలి? ఐదు నిమిషాల పని. కారును ఒక డబ్బా మీద పెట్టండి, చక్రాలు గాల్లో ఉండాలి. స్విచ్ ఆన్ చేస్తే సర్వో తన చోట గట్టిగా నిలబడుతుంది. ఇప్పుడు ముందు చక్రాన్ని నెమ్మదిగా అటూ ఇటూ ఊపుతూ కదలిక ఎక్కడ ఆగిపోతోందో చూడండి. చక్రం ఊగి నకిల్ ఊగకపోతే వీల్ నట్ లేదా బేరింగ్. నకిల్ కదిలి టై రాడ్ కదలకపోతే బాల్ జాయింట్. బెల్‌క్రాంక్ దాకా కదిలి హార్న్ కదలకపోతే మధ్యలోని రాడ్ లేదా సర్వో సేవర్. హార్న్ కదిలి షాఫ్ట్ కదలకపోతే హార్న్ స్క్రూ, పళ్లు. షాఫ్ట్ కూడా ఊగితే అప్పుడు, అప్పుడు మాత్రమే, సర్వో గేర్ల మీద అనుమానపడండి. ఇది మనకి తెలియని విద్యేం కాదు. బగ్ ఏ ఫంక్షన్‌లో ఉందో ఒక్కో లైన్‌లో ప్రింట్ పెట్టి వెతకమా? అదే ఇది.

దొరికాక మందు కూడా చిన్నదే. బాల్ కప్ మార్చాలి. రేసు గంటలో ఉంటే బంతికీ కప్పుకీ మధ్య పలచటి కవరు ముక్క పెట్టి నొక్కినా ఆ పూట గడుస్తుంది. నకిల్ పైకీ కిందికీ ఆడుతుంటే పలచని వాషర్ వేయాలి. చవక కార్లలో బేరింగ్ బదులు ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి, దుమ్ముకి త్వరగా అరుగుతాయి. కొలత చూసుకుని (5×10×4 మి.మీ., 5×11×4 మి.మీ. బాగా కనిపించే సైజులు) బాల్ బేరింగ్ వేస్తే సరి.

అయితే బిగించడానికీ హద్దుంది. సైకిల్ షాపులో ముందు చక్రం కోన్ బిగించే పెద్దాయన్ని గమనించండి. బిగిస్తాడు, తిప్పి చూస్తాడు, కాస్త వదులు చేస్తాడు. చక్రం ఆడకూడదు, పట్టేయకూడదు. ఇక్కడా అంతే. సర్వో నుంచి రాడ్ విడదీస్తే మిగతా స్టీరింగ్ వేలితో హాయిగా కదలాలి. పట్టేస్తే సర్వో గుయ్యిమంటూ వేడెక్కుతుంది. సర్వో సేవర్‌ని అసలే కదలకుండా బిగించేస్తే గోడకి గుద్దిన దెబ్బంతా సర్వో గేర్లకే.

టెక్ ఫెస్ట్ వస్తోంది. ట్రాక్ పక్కన తాడు కట్టి వందమందిని నిలబెడతాం. స్పీడు మీదున్న కారు ఎటు లాగుతుందో నడిపేవాడికే తెలియకపోతే తగిలేది ఎవరి కాలికో మనకేం తెలుసు? అందుకే క్లబ్‌ని అడిగేవి రెండే. ఒకటి, ట్రాక్ మీదికి దిగే ముందు ప్రతి కారుకీ పైన చెప్పిన ఊపుడు పరీక్ష ఉండాలి. ఆడుతున్న కారును పంపొద్దు. రెండు, బాల్ కప్పులు, వాషర్లు, బేరింగులు, స్క్రూలతో ఒక ఉమ్మడి డబ్బా ల్యాబ్‌లో పెట్టాలి. కోఠీకో రాణీగంజ్‌కో ఒకసారి వెళ్తే సగం సరుకు వస్తుంది, మిగతాది పాత కార్ల నుంచి విప్పుకోవచ్చు. ఆ డబ్బా చూసుకునే బాధ్యత ఎవరికీ వద్దంటే సీఎస్‌ఈ వాళ్లకే ఇవ్వండి. నేను రెడీ. మీటింగ్‌లకి రావడం మానేసిన ఆ జూనియర్‌ని కూడా నాతో పాటు రమ్మని అడుగుతాను. లోపం ఎక్కడుందో చివరికి చక్రం ఊపి కనిపెట్టింది తనే మరి.