పాలు పొంగినా జపమాల సాగుతుంది

మేము ఒకే విచారణకు చెందిన కథోలిక తల్లులం. ఉద్యోగాలు చేసేవాళ్లం, పొలం పనులకు వెళ్లేవాళ్లం, నరసాపురం వైపు నుంచి కోడళ్లుగా వచ్చి ఇప్పటికీ లేసు అల్లేవాళ్లం మాలో ఉన్నాం. మా ఇళ్లలో సాయంత్రం ఎలా గడుస్తుందో ముందు ఉన్నదున్నట్టు చెబుతాం.

ఏడున్నరకు జపమాల మొదలవుతుంది. రెండో రహస్యానికి పాలు పొంగుతాయి. మూడోదానికి చిన్నవాడు గోడకు ఆనుకుని నిద్రపోతాడు. పెద్దది యాభై మంగళవార్త జపాలూ ఒక్క ఊపిరిలో ముగించాలని చూస్తుంది. నాలుగేళ్లది తన వంతు రాగానే, రేపు వంకాయ కూర వద్దు ప్రభువా అని మనసారా వేడుకుంటుంది. డిసెంబరులో పశువుల పాకలో బాలయేసు కనిపించకపోతే చింతపండు డబ్బాలో వెతకాలి. చలేస్తుందని ఎవరో అందులో పడుకోబెట్టి ఉంటారు. ఇదే మా ప్రార్థన. ఇది ప్రార్థన కాదనే మాట ఇకమీదట ఒప్పుకోం, అది మా మనసులోంచి వచ్చినా సరే.

మా గోడల మీద తిరుకుటుంబం పటం ఉంటుంది. అందులో ఇల్లు అద్దంలా ఉంటుంది, మరియమ్మ పైట మీద మరక ఉండదు. లూకా సువార్తలో మాత్రం పన్నెండేళ్ల కొడుకు తప్పిపోయాడు. ఒక రోజు ప్రయాణం సాగాక గానీ తల్లిదండ్రులు గమనించలేదు, మూడో రోజుకు గానీ దొరకలేదు. ఆ సంఘటనను శ్రీసభ దేవమాత ఏడు వ్యాకులాల్లోనూ చేర్చింది, సంతోష రహస్యాల్లో ఐదోదిగానూ నిలిపింది. సోమ, శనివారాల్లో మనం ధ్యానించేది దాన్నే. బిడ్డ కోసం దారంతా వెతికిన ఆ తల్లి గాభరాకే సంతోషాల వరసలో చోటు దొరికినప్పుడు, చుట్టాలు వస్తున్నారని ఇంటి గందరగోళాన్ని మంచం కిందికి తోసే పని మాకెందుకు?

పునీత చిన్న తెరేజమ్మను కన్న జెలీ మార్టిన్ ఫ్రాన్సులోని అలెన్సాన్ పట్టణంలో లేసు వ్యాపారం నడిపింది. అల్లే చేతుల అలసట మాకు తెలుసు కనుక ఆమె మాకు దగ్గరి మనిషి. తొమ్మిదిమందిని కని నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకుంది. మూడో కూతురు లెయోనీ పెంపకం గురించి ఎంతో దిగులుపడింది, ఆ దిగులును ఉత్తరాల్లో దాచుకోలేదు. 1877లో, 45 ఏళ్లకే కన్నుమూసింది. 2015 అక్టోబరు 18న ఆమెనూ భర్త లూయీనీ కలిపి పునీతులుగా ప్రకటించారు.

ఆమెను తలుచుకుని మొదటి మాట ఇస్తున్నాం. కడుపులోనే పోయిన బిడ్డ ఊసెత్తకూడదనే ఆనవాయితీని మేము పాటించం. నవంబరు 2న, సమాధుల పండుగనాడు, సమాధి లేని ఆ బిడ్డలకూ ఒక కొవ్వొత్తి వెలిగిస్తాం. తల్లి పేరు పెట్టుకుని ఉంటే ఆ పేరుతోనే ప్రార్థిస్తాం.

పూజలో పసిబిడ్డ ఏడిస్తే తలలు వెనక్కి తిప్పం. పక్కనున్న చేతులు బిడ్డను అందుకుంటాయి. తల్లి గుడి మెట్ల మీద నిలబడి దివ్యబలిపూజ వినే రోజులు ఇక చాలు.

మార్త వంటింట్లో ఉండిపోయిందని ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. లాజరు చనిపోయినప్పుడు ఊరి బయటికి యేసుకు ఎదురెళ్లి, నీవే క్రీస్తువని విశ్వసిస్తున్నానని చెప్పిందీ ఆ మార్తే. అది యోహాను సువార్తలో ఉంది. వండే మనిషికి విశ్వాసం తక్కువనే మాట మా ముందు ఎవరన్నా వెంటనే ఈ సంగతి గుర్తుచేస్తాం.

మగవాళ్లకు ఒక విన్నపం. జపం ముందుండి చెప్పించడం మీకు అలవాటే. మూడో రహస్యం దాకా మీరు చెప్పించండి, తర్వాత మేము చెప్పిస్తాం. ఆ కాసేపు పొయ్యి మీద పాలు మీరు చూడండి.

అత్తమ్మలారా, మీరూ మాతో ఉండాలి. పిల్లలు మాట వినని రోజుల్లో మీరెలా గడిపారో చెప్పండి, గెలిచిన రోజులే కాదు.

ఇచ్చిన ఈ మాటల ప్రకారం మొదటి పని ఈ శనివారమే. చెరువుగట్టు వీధిలో బాలింత ఉంది. నలభై రోజులపాటు వంతులవారీగా క్యారేజి పంపుతాం. పథ్యం కనుక కారం తగ్గించాలి. పెద్దపిల్లాడికి విడిగా పెరుగన్నం పెట్టండి, వాడు పొడికూర ముట్టడు.