గ్రంథాలయములలో చిక్కుప్రశ్నల ఆటలు

గ్రంథాలయములో వీడియో ఆటలా యని పెద్దలు కొందఱు నొసలు చిట్లింపవచ్చును. నవలలు బీరువాల కెక్కిన దినములలో వారి తాతలును ఇట్లే చిట్లించిరి. 1904లో హనుమకొండయందు శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినపుడు, ఉర్దూ రాజభాషగా నున్న నిజాము రాజ్యమున తెలుగు పుస్తకమును జనుల కందించుటయే సాహసముగా నుండెను. 2022లో వరంగల్లు యునెస్కోవారి అభ్యసన నగరముల కూటమిలో చేరినది. సంతోషమే. కాని మన పఠనమందిరములలో బల్లలన్నియు ఉద్యోగపరీక్షలకు చదువు యువకులతో నిండుచున్నవి. వారిని మేము తప్పుపట్టము. పదేండ్ల బాలుడు మాత్రము అచట అరుదుగా కనుపించును. వాడు ఇంట తండ్రి ఫోనుతో మూల గూర్చున్నాడు.

ఆటలన్నియు ఒక్కటి కావు. పందెము కట్టించు ఆన్‌లైను జూదమును తెలంగాణ ప్రభుత్వము 2017లో చట్టము సవరించి నిషేధించినది, మేలే చేసినది. మేము కోరునది వేఱు. 1984లో మాస్కోయందు అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన టెట్రిస్‌ను చూడుడు. నాలుగేసి గడుల ముక్కలు పైనుండి రాలుచుండ, వానిని త్రిప్పి, సందులేకుండ వరుస నింపవలెను. అక్షరము రానివాడును ఆడగలడు. తప్పెచట జరిగినదో పేరుకొన్న ముక్కలే చెప్పును. ఊహించుట, పరీక్షించుట, తప్పినచో ఊహను మార్చుకొనుట: జవాబులు వల్లెవేయించు మన పాఠశాలలు మఱపించుచున్నది దీనినే. అట్లని, ఆటలో గడించిన నేర్పు రేపటి గణితపరీక్షలో మార్కులుగా మాఱునని మేము చెప్పజాలము.

ఇది పరదేశపు వింత యనువారు మహావీరాచార్యుని స్మరింతురుగాక. 142857143ను 7చే గుణించిన 1000000001 వచ్చును. ఇరువైపుల నుండి ఒకే తీరున కనబడు ఇట్టి హారసంఖ్యలను ఆయన 9వ శతాబ్దముననే శిష్యుల ముందుంచెను. ఆ గణితసారసంగ్రహమును పావులూరి మల్లన 11వ శతాబ్దమున తెనిగించెను. మన పొడుపుకథలను, పులిజూదమును తెలుగుననే తెర కెక్కింపగల యువకులు, 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా వెలసిన నేటి ఎన్.ఐ.టి.లో లేకపోరు.

ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనము చెల్లించుచునే యున్నాము. ఆ సొమ్ములో నాలుగు కంప్యూటర్లు కొనరాదా? ప్రకటనలు, పందెములు లేని ఆటలు. గంట కొకరికి వంతు. ప్రక్కనే, లేచిన బాలుని చేతి కందునట్లు, లెక్కల వినోదపు పుస్తకముల బీరువా. జిల్లా గ్రంథాలయ సంస్థవారు రాబోవు వేసవి సెలవులలో హనుమకొండలో ఒక్క గది నిందులకు విడిచి చూతురా?