కుటుంబ వివరముల పుస్తకము: సంఘము చేయదగినది, చేయరానిది

రైతు తన పొలములోని ప్రతి మడిని ఎఱుగును. ఏ గట్టున నీరు కారునో, ఏ మడిలో చౌడు తేలునో కన్నులు మూసికొని చెప్పగలడు. కాని తన యింట కాగితములు ఎన్ని యున్నవి, ఎచ్చట నున్నవి, వానిలో దేని గడువు ఎన్నడు తీఱును అని యడిగినచో, "ట్రంకుపెట్టెలో ఉండవలె, చూచి చెప్పెదను" అనును. ఆతడు జీవించి యున్నంత కాలము ఈ సమాధానముతో పని జరుగును. ఆతడు లేని నాడు పెట్టె తెఱచువారికి ఏ కాగితము దేనికో తెలియదు. ఈ విషయమై మన సంఘము చేయదగిన యొక పనిని గూర్చియు, చేయరాని మఱియొక పనిని గూర్చియు నా యభిప్రాయమును సభ్యుల ముందుంచుచున్నాను.

మా పినతండ్రిగారి కుమారుడు ఏబది రెండవ యేట గుండెపోటుతో హఠాత్తుగా మరణించెను. వ్యవసాయమున దిట్ట, ఇచ్చిపుచ్చుకొనుటలో ఒక్క రూపాయి తేడా రానీయనివాడు. లెక్కలన్నియు ఆతని తలలోనే యుండెను. కర్మ ముగిసిన పిమ్మట మా మఱదలు పెట్టెలోని కాగితములను చాపమీద పోసినది. రెండు బ్యాంకు పుస్తకములు, పట్టాదారు పాసుపుస్తకము, ఎరువుల కొట్టు రసీదులు, అక్షరములు పూర్తిగా వెలసిపోయిన ఏటీయం చీటీలు, ఎవరిదో తెలియని ప్రామిసరీ నోటు ఒకటి. రావలసిన బాకీలను గూర్చి వర్తమానములు మొదటి నెలలోనే వచ్చినవి. ఆమెకు రావలసిన సొమ్మును గూర్చి చెప్పినవారు లేరు. ఏడు నెలలు గడచిన తరువాత, పట్టణమున చదువుచున్న పిల్లవాడు సెలవులకు వచ్చి బ్యాంకు పుస్తకమును పుటపుటయు చూచుచు, ఏటేట మే నెలాఖరున 436 రూపాయలు కోతపడుచుండుట గమనించెను. అది ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా చందా. రెండు లక్షల రూపాయల బీమా అది. సొమ్ము తుదకు చేతికి వచ్చినది. కాని ఆలోగా ఆమె మెడలోని గొలుసును కుదువబెట్టి విత్తనములు కొన్నది, వడ్డీ కట్టుకొన్నది. వివరములు ఒక్క చోట లేకపోవుటకు ఆ కుటుంబము చెల్లించిన మూల్యమిది.

ఇట్టివి మన గ్రామములలో ఎన్ని జరుగుచున్నవో ప్రతి సభ్యుడును ఎఱుగును. బ్యాంకులలో పదేండ్లు ఎవరును అడుగక నిలిచిపోయిన నిలువలు రిజర్వు బ్యాంకువారు 2014లో ఏర్పఱచిన ప్రత్యేక నిధికి పోవును. వారసులు పిమ్మట కూడ అడిగి పొందవచ్చును. వెదకికొనుటకై 2023లో ఉద్గమ్ అను వెబ్‌సైటును కూడ తెఱచిరి. అయినను ఖాతా ఒకటి కలదని యెఱిగినవాడే దానిని వెదకును గదా!

వివరములను ఒక్క చోట చేర్చుకొనవలె నను తలంపు క్రొత్తది కాదు. 1945 జూలైలో అమెరికా శాస్త్రవేత్త వన్నెవార్ బుష్ అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఒక వ్యాసము వ్రాసి, మనుష్యుడు తన గ్రంథములను, లేఖలను, పత్రములను ఒక బల్లలో దాచుకొని, కోరినంతనే కంటి యెదుటికి తెచ్చుకొనగల యంత్రమును ఊహించెను. దానికి మెమెక్స్ అని పేరిడెను. ఆ బల్ల తయారు కాలేదు. నలువది యేండ్ల పిదప బల్లమీది కంప్యూటరు వచ్చిన తరువాత ఆ యూహ వేఱు రూపమున ఫలించెను. 1984లో బోర్లాండువారి సైడ్‌కిక్, 1988లో లోటస్‌వారి అజెండా అను సాఫ్ట్‌వేర్లు చిరునామాలు, తేదీలు, పనులు, చిల్లర వివరములు సేకరించి అమర్చుటకే పుట్టినవి. నేడు అవి వాడుకలో లేవు. కావున మనము నేర్వవలసినది యొకటి కలదు: సాఫ్ట్‌వేరు ఆయుర్దాయము కంటె మన భూమి కాగితము ఆయుర్దాయము పెద్దది. తాతనాటి దస్తావేజు మనుమని నాడు కావలసి వచ్చును. కనుక వివరములను ఏ యొక్క కంపెనీకిని కట్టుబడని రూపమున దాచవలెను; కాగితముపై అచ్చు తీసి కూడ ఉంచవలెను.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు కంప్యూటర్లు సమకూర్చుటకై 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించెను. ఆ కంప్యూటర్లపై సంఘపు అప్పులు, జమాఖర్చులు నడచుచున్నవి. అది సంఘపు లెక్క. నేను చెప్పునది సభ్యుని లెక్క. ఈ రెండును కలియరాదు. ఒకే యంత్రముపై చేసినను, సభ్యుని పుస్తకము ఇంటర్నెట్టుతో సంబంధము లేక, ప్రత్యేకముగా తయారు కావలెను.

దీనికి వెల పెట్టి సాఫ్ట్‌వేరు కొన నక్కరలేదు. లిబ్రేఆఫీస్ అను సాఫ్ట్‌వేరు ఉచితముగా లభించును. 2010లో ఏర్పడిన డాక్యుమెంట్ ఫౌండేషన్ అను సంస్థవారు దానిని పోషించుచున్నారు. దానిలో దాచిన ఫైలు 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడిన ఓపెన్ డాక్యుమెంట్ రూపమున నుండును గాన ఇతర సాఫ్ట్‌వేర్లును దానిని తెఱవగలవు. పని యిట్లు జరుగును. ముందుగా అడ్డగళ్లు, నిలువుగళ్లు గల పట్టికలో ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క విషయము వ్రాయుదురు. పిమ్మట అచ్చునకు ఒక నమూనా సిద్ధపఱచి, పట్టికలోని వివరములు ఆ నమూనాలో వాని వాని స్థానమున పడునట్లు చేయుదురు. వివరము మాఱినప్పుడు పట్టికలో ఒక్క గడిని దిద్దిన చాలును. పుస్తకమంతయు తిరిగి వ్రాయ నక్కరలేదు. చేతివ్రాత పుస్తకముకంటె దీనియందు గల మేలు ఇదియే.

పట్టికలు అయిదు చాలును. మొదటిది భూమి: సర్వే నంబరు, ఖాతా నంబరు, విస్తీర్ణము, అది సంక్రమించిన విధము, దస్తావేజు ఎవరివద్ద నున్నది. రెండవది అప్పులు: ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఏ హామీపై, గడువు ఎన్నడు. మూడవది నిలువలు, వాటాలు: మన సంఘపు వాటాధనము కూడ దీనిలో చేరవలెను, పలువురు దానిని మఱచుచున్నారు. నాలుగవది బీమాలు: చందా ఎంత, ఏ ఖాతానుండి ఏ నెలలో కోతపడును, నామినీ ఎవరు. అయిదవది కుటుంబమునకు ఈయవలసినవారు, కుటుంబము ఈయవలసినవారు, అవసరమున పిలువదగినవారు.

నామినీ గడిని గూర్చి ఒక్క మాట. తెలంగాణ ప్రభుత్వము 2018 ఆగస్టులో ప్రారంభించిన రైతుబీమా మొదలు సామాన్యమైన పొదుపు ఖాతా వఱకు, సొమ్ము చేతికి వచ్చుట నామినీ పేరుపై ఆధారపడి యున్నది. పెండ్లికి పూర్వము తల్లి పేరు వ్రాసి, తల్లి గతించిన తరువాత మార్చనివారు మనలో కలరు. పట్టిక అచ్చు తీసి కన్నులారా చూచుకొనిననాడు ఈ లోపము దానంతట అదే బయటపడును.

మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు మఱియొకటి కలదు. ఒక కాగితమున ఇంటిపేరు పూర్తిగా నుండును. ఒకదానిలో పొడి యక్షరము మాత్రముండును. ఆధారులో వెంకటేశ్వరరావు, పాసుపుస్తకములో వెంకటేశ్వర్లు. బ్రదికియున్నవాడు కార్యాలయమునకు పోయి "నేనే వాడను" అని చెప్పగలడు. పోయినవాని భార్య ఏమని చెప్పగలదు? కావున ప్రతి వరుసలోను "ఆ కాగితమున పేరు ఉన్న తీరు" అని యొక గడి యుండవలెను. తేడాలు కనబడిననాడే దిద్దించుకొనుట మేలు.

తెలుగు టైపు చేయువారు ఈ పనిని యూనికోడ్ లిపిలోనే చేయవలెను. అచ్చుకూటములలో చిరకాలముగా వాడుకలో నున్న పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు కాగితముపై తెలుగుగానే కనబడును. కంప్యూటరు లోపల మాత్రము అది తెలుగు కాదు. ఆ ఫాంటు లేని యంత్రముపై తెఱచినచో అర్థము లేని గుర్తులు కనబడును. పేరును వెదకినను దొరకదు. పదేండ్ల తరువాత తెఱవవలసిన పుస్తకమునకు ఆ పద్ధతి తగదు.

అచ్చు విషయమున కూడ జాగ్రత్త యవసరము. సిరా చిమ్ము ప్రింటర్లలో సామాన్యమైనవాని అచ్చు తడి తగిలినచో చెదరును. లేజరు ప్రింటరు అచ్చు నిలుచును. ఏటీయం చీటీలు, కొట్టు బిల్లులు వేడికి నల్లబడు కాగితముపై వచ్చును గాన కొలది కాలములో వెలసిపోవును. వానిని దాచి లాభము లేదు. అందలి వివరమును పట్టికకు ఎక్కింపవలెను. ప్రతి పుటపై అచ్చు తీసిన తేదీ యుండవలెను. రెండు ప్రతులు తీసి, ఒకటి ఇంటి పెట్టెలో నుంచి, రెండవది తోబుట్టువుల యింటనో, నమ్మదగిన బంధువుల యింటనో ఉంచవలెను.

"అన్నియు ఫోనులోనే యున్నవి గదా, ఈ శ్రమ యెందులకు?" అని యువకులు అడుగుచున్నారు. ఫోను తెఱచుటకు యజమాని వ్రేలిముద్రయో, రహస్య సంఖ్యయో కావలెను. యజమాని పోయినప్పుడు ఆ రెండును ఆతనితోనే పోవును. ప్రభుత్వ వెబ్‌సైటులో చూచుకొనవచ్చు నందురా, అవియు మాఱుచుండును. తెలంగాణలో 2020 అక్టోబరున ధరణి వచ్చెను. 2025 ఏప్రిల్‌లో దాని స్థానమున భూభారతి వచ్చెను. అధికారుల దస్త్రము అధికారులకే ప్రమాణము, నిజమే. అయినను ఆ దస్త్రమున తప్పు దొరలినప్పుడు, దానిని పట్టుకొనుటకు రైతు చేతిలో తన లెక్క యుండవలెను గదా.

ఇక సంఘము చేయరాని పని. ఈ మాట నలుగురిలో వచ్చినప్పుడు కొందఱు పెద్దలు, "సభ్యులందఱి వివరములను సంఘపు కంప్యూటరులోనే ఉంచుదము, అప్పు ఇచ్చునప్పుడు ఉపయోగపడును" అనిరి. వారి యుద్దేశము మంచిదే. నేను మాత్రము దీనిని గట్టిగా నిరాకరించుచున్నాను. ఒక రైతు వేఱొక చోట ఎంత అప్పుపడెనో, భార్య పేర ఎంత దాచెనో, ఎవరికి చేబదులిచ్చెనో తెలిపెడి పట్టిక సంఘపు గదిలో నున్నచో, అది ఎన్నికలనాడు ఎవరి చేతికి చిక్కునో ఎవరు చెప్పగలరు? ఊరిలో వడ్డీ వ్యాపారికి అంతకంటె విలువైన కాగితము లేదు. అప్పు మంజూరునకు కావలసిన వివరములను అప్పు దరఖాస్తులోనే అడుగుదురు గాక. నమ్మకముతో చెప్పిన మాటను వసూలునకు వాడుకొనినచో, ఇక మన గడప తొక్కి నిజము చెప్పువాడుండడు.

చట్టమును ఈ మాటనే చెప్పుచున్నది. వ్యక్తి యేకాంతము ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పెను. వ్యక్తిగత వివరముల రక్షణకై 2023లో ప్రత్యేక చట్టము వచ్చెను. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడెను. ఏ పనికై వివరము అడుగుచున్నామో చెప్పవలెను, సమ్మతిపై తీసికొను వివరము ఆ పనికి కావలసినంతకు మించరాదు, పని ముగిసినచో తుడిచివేయవలెను అనునవి దాని ముఖ్య సూత్రములు. ముఖ్యమైన బాధ్యతలు అమలునకు వచ్చుటకు నియమములలో పదునెనిమిది నెలల గడువున్నది. గడువు తీఱువఱకు మనము ఆగనేల?

కావున నేను కోరునది యిది. ఏటికి రెండుమాఱులు, పనులు తక్కువగా నుండు దినములలో, సంఘ కార్యాలయమున ఈ పనికై కొన్ని దినములు కేటాయింపవలెను. సభ్యుడు, సాధ్యమైనంతవఱకు భార్యతో కూడ, గుమస్తా ప్రక్కన కూర్చుండి తన వివరములు చెప్పవలెను. చదువుకొన్న బిడ్డలున్నచో వారే టైపు చేసికొనుట మఱియు మేలు. ఫైలును సభ్యుని పెన్‌డ్రైవులోనే దాచి, పాస్‌వర్డుతో బిగింపవలెను. పాస్‌వర్డు మఱచినచో ఆ ఫైలు తెఱచుట యసాధ్యమగును గాన అచ్చు ప్రతి తప్పనిసరి. ఆధారు సంఖ్యలోను, ఖాతా సంఖ్యలోను తుది నాలుగంకెలు చాలును. ఏటీయం రహస్య సంఖ్యను ఎచ్చటను వ్రాయరాదు. అచ్చు ముగిసిన పిమ్మట సంఘపు యంత్రమున ఏమియు మిగులకుండ, చెత్తబుట్టతో సహా సభ్యుని యెదుటనే తుడిచివేయవలెను. సంఘము తన పుస్తకమున వ్రాసికొనదగినది ఫలానా తేదీన ఫలానా సభ్యునికి పుస్తకము అచ్చు తీసి ఇచ్చితి మను ఒక్క పంక్తి మాత్రమే.

ఖర్చు కాగితముల వెలయే. ఎనిమిది పది పుటలకు మించదు. దానిని సభ్యుడే భరింపవచ్చును. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని తీర్మానముగా ప్రవేశపెట్టవలెనని పాలకవర్గమువారిని కోరుచున్నాను. తీర్మానము జరుగుదాక ఎదురుచూడక, ఈ సంచిక చదివిన రాత్రియే పెట్టె తెఱచి, ఇంటియామెను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, ఏ కాగితము దేనిదో ఒక్కమాఱు చెప్పుడు. మా మఱదలు నాతో అన్న మాట నేటికిని నా చెవులలో నున్నది: "ఆయన నాకు ఏమియు దాచలేదు బావగారూ; చెప్పుటకు తీరిక లేకపోయినది, అంతే." ఆ తీరికను మనము కల్పించుకొనవలెను.