ఓబవ్వ కిండి: కోటలో పేరుంది, ఊళ్లో చోటేది?

చిత్రదుర్గ కోట ఎక్కినవాళ్లకు గైడ్లు తప్పకుండా చూపించే చోటు ఒకటుంది. బండల మధ్య ఇరుకు సందు. ఒళ్లు ముడుచుకుంటే తప్ప మనిషి దూరలేడు. దాని పేరు ‘ఒనకె ఓబవ్వన కిండి’. కన్నడంలో ఒనకె అంటే రోకలి, కిండి అంటే కంత. ఊరు కర్ణాటకదే అయినా ఆ పేరు మనకు పరాయిది కాదు. అనంతపురం పల్లెల్లో ఓబమ్మలు, ఓబన్నలు ఇప్పటికీ కనిపిస్తారు.

జనం చెప్పుకునే కథ ఇది. మదకరి నాయకుడి కాలంలో హైదర్ అలీ సేనలు కోటను చుట్టుముట్టాయి. కాపలాదారు కహళె ముద్ద హనుమ అన్నానికి ఇంటికొచ్చాడు. భార్య ఓబవ్వ నీళ్లకని దొనకు వెళ్లింది. సందులోంచి సైనికులు ఒక్కొక్కరే దూరి రావడం ఆమె కంటబడింది. తినేవాణ్ణి లేపకుండా రోకలి అందుకుంది. తల బయటపెట్టిన ప్రతివాణ్ణీ కొట్టి, శవాన్ని పక్కకు ఈడ్చింది. ఆమె ఎలా చనిపోయిందన్న దగ్గర కథలు రెండు మూడు రకాలుగా ఉన్నాయి. కోట మాత్రం 1779లో హైదర్ వశమైంది.

ఓబవ్వది హొలెయ కులం. చలవాది అని కూడా అంటారు. మన మాలలతో పోల్చదగిన కులం. కహళె అంటే కొమ్ము బూర. అంటే మొగుడి పేరులో అతని పని ఉంది, పెళ్లాం పేరులో ఆమె రోకలి ఉంది. రాజుల పేర్లు శాసనాలకెక్కుతాయి. కోటకు కాపలా కాసి, నీళ్లు మోసిన వాళ్ల పేర్లు ఇలాంటి కంతలకూ బండలకూ అంటుకుని బతుకుతాయి. అందుకే ఊరి పేర్లు, గుట్టల పేర్లు, దొనల పేర్లు మనకు చరిత్ర పుస్తకాలే అంటున్నాం.

1972లో వచ్చిన ‘నాగరహావు’ సినిమా పాటతో ఓబవ్వ కన్నడ ఇళ్లన్నిటికీ తెలిసింది. చిత్రదుర్గ స్టేడియానికి ఆమె పేరే పెట్టారు. 2021 నుంచి ప్రభుత్వం నవంబర్ 11న ఓబవ్వ జయంతి జరుపుతోంది. సంతోషమే. కానీ ఆ తేదీకి ముందు తేదీని కూడా చూడాలి. హైదర్ కొడుకు టిప్పు జయంతిని అదే ప్రభుత్వం 2015 నుంచి నవంబర్ 10న జరిపేది. 2019లో అధికారం మారగానే రద్దయింది. రెండేళ్లకు ఓబవ్వ జయంతి వచ్చింది. తన గుడిసె ఉన్న కోటను కాపాడుకున్న మనిషిని హిందూ–ముస్లిం తగాదాలోకి లాగడం ఎంత తేలికో దీన్నిబట్టి తెలుస్తుంది. ‘వీరవనిత’ అన్న మాట ముందుకొచ్చేకొద్దీ ‘హొలెయ’ అన్న మాట వెనక్కి పోతోందని మా అనుమానం.

ఎప్పుడో చనిపోయి బండకు పేరైన దళిత స్త్రీకి దండ వేయడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. బతికున్నవాళ్ల జిల్లాకు మన పేరు పెట్టబోతే సంగతి వేరు. కోనసీమకు అంబేద్కర్ పేరు అన్నందుకు 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు.

పేరు కంచె కూడా అవుతుంది. తెలుగు బాగా వినబడే పావగడ తాలూకాలో గొల్లరహట్టి ఉంది. గొల్లల పల్లె అని అర్థం. 2019 సెప్టెంబర్‌లో ఎంపీ ఎ. నారాయణస్వామి ఊరి వసతుల పని మీద అక్కడికి వెళ్లారు. ఆయన దళితుడు. మా హట్టిలోకి దళితులెవరూ రాలేదు, ఆచారం ఒప్పుకోదు అని పొలిమేరలోనే ఆపేశారు. ఆ హట్టివాళ్లేమీ జమీందార్లు కారు, వాళ్లూ పేదలే. ఎంపీ వెనుదిరిగారు.

ఆయన గెలిచిన నియోజకవర్గం పేరు చిత్రదుర్గ.