రెండు మార్కుల సూత్రంలో ఇంత వంపు ఉంది

పదో తరగతి నిరూపక జ్యామితిలో విభజన సూత్రం ఉంది కదా, రెండు బిందువులను కలిపే గీతను ఇచ్చిన నిష్పత్తిలో విడగొట్టేది. చోడవరంలో లెక్కలు చెప్పేవాణ్ణి, నాకు తెలుసు: పిల్లలు దాన్ని బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, మరిచిపోతారు. తప్పు వాళ్లది కాదు. ఆ సూత్రంతో ఏం చేయవచ్చో మనం చూపించడం లేదు.

గ్రాఫు కాగితం మీద చతురస్రం గీయించండి. ప్రతి భుజం మీదా 1:3, 3:1 నిష్పత్తుల్లో రెండేసి బిందువులు పెట్టించి వరసగా కలిపించండి. మూలలు తెగి ఎనిమిది భుజాలవుతాయి. మళ్లీ చేస్తే పదహారు, ఆపైన ముప్పై రెండు. నాలుగోసారికి మూలలు వెతికినా కనిపించవు. 1974లో జార్జ్ చైకిన్ కంప్యూటరు కోసం చెప్పిన పద్ధతి ఇదే. పిక్సార్ 1997లో తీసిన ‘గెరీస్ గేమ్’లో ముసలాయన ముఖం నున్నగా రావడానికి వాడిందీ ఈ కోవదే. శివలింగం చూడండి: అడుగున చతురస్రంగా బ్రహ్మభాగం, నడుమ అష్టకోణంగా విష్ణుభాగం, పైన గుండ్రంగా రుద్రభాగం. మూలలు కోస్తూ గుండ్రానికి చేరడం మన స్థపతులకు కొత్త కాదు. అయితే ఎనిమిది భుజాలూ సమానంగా రావాలంటే పావు వంతు చాలదు, భుజంలో దాదాపు 0.293 వంతు కోయాలి. పావే కోస్తూ పోతే వచ్చేది వృత్తం కాదు, పరావలయం ముక్కలు అతికిన వంపు. ఎందుకని ఏ పిల్లయినా అడిగిందా, ఆ పీరియడు ధన్యం.

చైకిన్ వంపు మనం పెట్టిన బిందువుల గుండా పోదు. పోవాలంటే 1987లో డిన్, గ్రెగరీ, లెవిన్ ఇచ్చిన సూత్రం ఉంది: వరసగా నాలుగు విలువలు తీసుకుని, నడుమ రెంటినీ 9/16తో, చివరి రెంటినీ మైనస్ 1/16తో గుణించి కూడాలి. మెలిక ఇక్కడే. మా ఊళ్లో మూడు రోజులు చినుకు లేదు, నాలుగో రోజు 16 మి.మీ. వాన పడిందనుకోండి. రెండో రోజుకూ మూడో రోజుకూ మధ్య ఈ సూత్రం చూపే వాన ఎంత? మైనస్ 1 మి.మీ.! గీత నున్నగానే ఉంటుంది, దానికి అర్థమే ఉండదు. ఆకారం చెడకుండా నునుపు తేవాలని గణితవేత్తలు తంటాలు పడింది ఇందుకే. 1998లో నెదర్లాండ్స్‌కు చెందిన కౌట్, వాన్ డామ్ వంపు కొలతలకు మామూలు సగటు బదులు హరాత్మక మధ్యమం వాడారు. రెంటిలో ఒకటి సున్నా అయితే ఆ మధ్యమమూ సున్నాయే; మొదటి మూడు రోజులూ గీత తిన్నగా ఉండి రెండో రోజు దగ్గర వంపు సున్నా కాబట్టి మన వాన సున్నా దగ్గరే ఆగుతుంది.

పాఠ్యపుస్తకం రాసేవారు విభజన సూత్రం అభ్యాసం చివర ఆ చతురస్రం లెక్క ఒక్కటి చేర్చాలి. తోటి మాస్టార్లు మాత్రం కొత్త పుస్తకం వచ్చేదాకా ఆగకండి, ఒక్క పీరియడు చాలు.